అత్త కోడి

బింగో ఆటకి అంకెలు పిలిచే ప్రోగ్రాంని పాత కంప్యూటర్ నుంచి కొత్తదాంట్లోకి నేను మార్చగానే పెరట్లో జనమంతా ఈలలు వేశారు. ఎనెయిదా అత్త మాత్రం నా చెవిలో అడిగింది: "అన్నీ తెచ్చావా పిల్లా? ఆ తేదీ కూడా?"

"అది తప్పు తేదీ అత్తా. బ్యాటరీ పోయి పాతది ఎప్పుడు ఆన్ చేసినా 2003 జనవరి ఒకటే చూపించేదిగా. సరిచేశాను."

అత్త మొహం వాడిపోయింది.

ఆదివారం తొలి ఆటకి ఎప్పటిలాగే తన పాత చీటీతోనే కూర్చుంది. ఇన్నేళ్లలో మొదటిసారి బహుమతి కోడి పక్కింటావిడకి పోయింది.

"ఎప్పుడూ నిన్ను గెలిపించే అల్తాగ్రాసియా మాత నిన్నొదిలేసి ఎటు పోయిందే ఎనెయిదా?" అంటూ కోడిని ఊపిందావిడ. పెరడంతా నవ్వులు.

నాకప్పుడు వెలిగింది. తేదీని బట్టే అంకెలు తీసే ఆ ప్రోగ్రాం, ప్రతిసారీ ఒకే తేదీతో మొదలైతే ప్రతిసారీ ఒకే వరసలో అంకెలు పిలుస్తుంది.

అత్త నన్ను వంటింట్లోకి లాగింది. "మాతకి ఆ తేదీ అలవాటైపోయింది తల్లీ. తెచ్చిపెట్టు. తొడముక్క నీకే."