నీలం సిరా

ఫారం మూడోసారి కూడా వెనక్కి వచ్చింది.

"మళ్ళీ ఏమైంది మేడమ్?" అంది చెబెత్, ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"నల్ల సిరాతో రాశావు. నీలం సిరా కావాలి," అంది సడ్బరీ కాలేజీ ఆఫీసు కిటికీ లోపలి నుంచి గుమస్తా జెర్మేన్, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి.

మొదటిసారి లెక్చరర్ సంతకం లేదంది. రెండోసారి తేదీ తిరగేసి రాశావంది.

పరాయి దేశం నుంచి చదువుకోడానికి వచ్చిన చెబెత్ అడిగేది పెద్ద కోరికేం కాదు. స్టాటిస్టిక్స్ బుర్రకెక్కడం లేదు. ఈ టర్ముకి ఆ ఒక్కటీ వదిలేస్తే తక్కిన మూడు సబ్జెక్టులైనా గట్టెక్కుతాయి. వదులుకోవడానికి ఇవాళే ఆఖరి రోజు.

"ఒక నీలం పెన్ను ఇవ్వండి మేడమ్, ఇక్కడే మళ్ళీ రాసేస్తాను."

"నా దగ్గర లేదు. మేడ మీద వీసా సలహాదారుని కలిశావా?"

"మూడు వారాల తర్వాత రమ్మన్నారు."

"అయితే ఆయన్ని కలిశాకే రా."

"అప్పటికి గడువు ఉంటుందా?"

"ఉండదు."

ఆ మాట అంటూ ఆవిడ చెబెత్ కళ్ళలోకే చూసింది. చెబెత్‌కి అది పొగరులా కనిపించింది.

మంచులో జారుతూ దుకాణానికి పరుగెత్తి పెన్ను కొని తెచ్చేసరికి కిటికీ మూసేసి ఉంది. నాలుగున్నరకి ఇంకా రెండు నిమిషాలున్నాయి. గాజు వెనక జెర్మేన్ కోటు గుండీలు పెట్టుకుంటోంది. ఎంత తట్టినా తలెత్తలేదు.

గదికి వస్తే, గదిలో తోడుండే అడ్జోవా సంగతి విని పకపకా నవ్వింది. ఆమెదీ అదే చదువు, వదులుకున్నదీ అదే సబ్జెక్టు.

"నాకు నిమిషంలో ముద్ర గుద్ది ఇచ్చారు. మీ మేడమ్‌కి నీ మొహం నచ్చలేదే!"

ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి కిటికీ. అడ్జోవాది పక్క కిటికీ. మార్చుకునే వీల్లేదు.

"నా మొహం కాదు, నా దేశం నచ్చలేదు," అంది చెబెత్.

టీ చల్లారేలోపు జెర్మేన్ మీద ఫిర్యాదు రాసేసింది. కొన్న పెన్ను ఊరికే పోనివ్వలేదు.

ఇక విధిలేక స్టాటిస్టిక్స్ చదివింది. ఏడుస్తూ చదివింది. అడ్జోవా వెక్కిరిస్తుంటే చదివింది. యాభై వస్తే పాసు. యాభై ఒకటి వచ్చింది.

అడ్జోవా ఆ సబ్జెక్టుని తీరిగ్గా వేసవిలో చదివి ముగించింది.

మరుసటేడు ఇద్దరూ పట్టా పుచ్చుకున్నారు. ఒకే బల్ల దగ్గర కూర్చుని పని పర్మిట్‌కి దరఖాస్తు పెట్టారు. చదువయ్యాక ఇక్కడే ఉండి ఉద్యోగం చేసుకోనిచ్చే ఆ పర్మిట్ జన్మకి ఒక్కసారే.

చెబెత్‌కి మూడేళ్ళ పర్మిట్ వచ్చింది.

అడ్జోవాకి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. సబ్జెక్టు వదిలినందున చదువు మధ్యలో ఒక టర్ము పూర్తికాలపు విద్యార్థిగా లేరు. అర్హత లేదు.

"ఒక్క సబ్జెక్టే కదే," అంది అడ్జోవా. సామాను సర్దుతూ అదే అంది. బస్సు మెట్టు మీద నిలబడీ అదే అంది.

సడ్బరీ బస్టాండులో బస్సు మలుపు తిరిగాక కూడా చెబెత్ చెయ్యి దించలేదు. తర్వాత నేరుగా కాలేజీకి నడిచింది.

కిటికీలో ఎవరో కొత్తాయన.

"జెర్మేన్ మేడమ్ లేరా?"

"తీసేశారు. ఏడాది దాటింది. ఫారాలు ఆపుతోందని ఎవరో ఫిర్యాదు రాశారు."

చెబెత్ కిటికీ అంచు పట్టుకుంది.

"నీలం సిరాతోనే రాయాలన్న నియమం... ఇంకా ఉందా?"

"నీలం సిరా ఏమిటి? పెన్సిలుతో రాసినా తీసుకుంటాం. లెక్చరర్ సంతకం కూడా అక్కర్లేదు."

"మరి సబ్జెక్టు వదిలితే పర్మిట్ పోతుందని ఆవిడ నోటితో చెప్పొచ్చుగా!"

"కూడదు. పర్మిట్ సంగతి చెప్పడానికి వీసా సలహాదారు లైసెన్సు ఉండాలి. మాలాంటివాళ్ళం నోరెత్తకూడదు. ఆవిడ ఇద్దరు విద్యార్థులకి చెప్పి రెండుసార్లు చీవాట్లు తింది. ఆ తర్వాత ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు."

చెబెత్ కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది.

"ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలంటే?"

ఆయన ఆమె మొహం వంక చూశాడు. గొంతు తగ్గించాడు.

"అయిపోయినదానికి ఫారం లేదమ్మా."

"పోనీ, ఆవిడకి ఉత్తరం రాసిస్తే పంపుతారా?"

"ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయింది. మేం పంపినవే తిరిగొస్తున్నాయి. నీ తృప్తి కోసం రాస్తానంటే రాయి."

"ఒక పెన్ను ఇస్తారా?"

ఆయన జెర్మేన్ సొరుగు లాగాడు. అందులో అడుగుదాకా, మూతైనా తీయని నీలం పెన్నులే.