కత్తిరింపులు

"ఆ వేళ్ళకి మురికేంటి? ఆ చేతుల్తో లోపలికి రాకు పెద్దమ్మా," అన్నాడు మేస్త్రి.

ముసలమ్మ గుమ్మం దగ్గరే ఆగి, చేతులు సంచి వెనక దాచుకుంది.

మేస్త్రి బొమ్మలిళ్ళు చేస్తాడు. బొటనవేలంత కుర్చీలు, గోరంత అద్దాలు. గోడలకి పటాలు మాత్రం పాత కేలండర్ల ముక్కలే. చిత్రకారులంటే అతనికి ఒళ్ళుమంట. చెప్పిన వేళకి ఇవ్వరు, పైగా పొగరు.

అందుకే ముసలమ్మ తెచ్చే ముక్కలు అతనికి తెగ నచ్చాయి. తపాలా బిళ్ళంత కాగితంలో చెరువు, పడవ, పడవలో గొడుగు.

"ఏ కేలండర్‌లోవి?" అని మొదటిరోజే అడిగాడు.

"పాతది బాబూ. ఇప్పుడు రావడంలేదు."

అంచులు కత్తిరించి, సన్నని పుల్లలతో చట్రం కట్టి, గోడకి అంటించేవాడు. కొనేవాళ్ళు బుల్లి కిటికీకి కన్ను ఆనించి, ఆ పటాల దగ్గరే ఆగిపోయేవారు. అదంతా తన చట్రాల గొప్పేనని మేస్త్రి మురిసిపోయేవాడు.

వారం వారం పొట్లం ఇచ్చి ముసలమ్మ ఒకటే అడిగేది. గోడకి పెట్టాక ఎలా ఉన్నాయో ఒక్కసారి చూస్తానని. అతని దగ్గర సాకులకేం కొదవ? జిగురు ఆరలేదు, ఇల్లు అమ్ముడుపోయింది, ఇప్పుడే తుడిచాను. ఇవాళ మురికి దొరికింది.

"వచ్చేవారం చూద్దువుగాని. చేతులు కడుక్కునిరా."

"అలాగే బాబూ."

వచ్చేవారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. కొత్త ఇల్లు బోసిగోడలతో బల్లమీద అలాగే ఉండిపోయింది. మేస్త్రి విసుక్కుని వేరే ముక్కలు తెచ్చి అంటించాడు. గదులు వెలవెలబోయాయి. పీకేశాడు.

మూడోవారం ఎవరో ఒకావిడ వచ్చింది. ముసలమ్మ గదికి పక్కగదిలో ఉంటుందట.

"ఆవిడ పోయి పదిరోజులైందండీ. ఇది మీకిమ్మంది. పూర్తికాలేదు, ఏమీ అనుకోవద్దని చెప్పమంది."

కత్తిరించడంలో పూర్తికాకపోవడం ఏమిటో మేస్త్రికి బోధపడలేదు. ఆవిడ వెళ్ళాక పొట్లం విప్పి, కాగితాన్ని భూతద్దం కింద పెట్టాడు.



అందులో ఉన్నది తన బొమ్మలింట్లో గది. గోడమీద ఆవగింజంత పటాలు. ఒకదాంట్లో అదే చెరువు, అదే పడవ, అదే గొడుగు.

గోడలకి, పటాలకి రంగులు వేసి ఉన్నాయి. వాటి ముందు నిలబడి తల ఎత్తి చూస్తున్న ముసలమ్మ మాత్రం ఇంకా పెన్సిల్ గీతల్లోనే ఉంది.