దాహం వేయని చోటు

"తలనొప్పి వదలట్లేదన్నయ్యా. కళ్లు తిరుగుతున్నాయి," అన్నాడు తమ్ముడు ఫోనులో. వాడు దక్షిణ ధ్రువం దగ్గర మంచులో, పరిశోధకుల శిబిరానికి వంటవాడు. అన్న ఇసుక ఎడారిలో నీళ్ల ట్యాంకరు నడుపుతాడు.

"నీళ్లెప్పుడు తాగావు?"

"మొదలెట్టావా! చుట్టూ మంచే. ఈ చలిలో దాహం ఎవరికేస్తుంది?"

"ఒంటికి ఎప్పుడు వెళ్లావు?"

"ఛీ, ఇదేం ప్రశ్న?"

"చెప్పరా."

"పొద్దుటి నుంచీ రాలేదు."

అన్న బండి పక్కకి తీసి ఆపాడు. పక్క సీటు ఖాళీగా ఉంది. పోయిన వారం అక్కడ కూర్చున్న స్నేహితుడు కూడా దాహం లేదనే అన్నాడు, నవ్వుతూనే ఒరిగిపోయాడు. అతణ్ణి పూడ్చి వచ్చిన రోజు, తమ్ముడైనా చల్లని చోట ఉన్నాడని అన్న గుండె కుదుటపరచుకున్నాడు.

"అక్కడ వాన పడుతుందా?"

"వానా? మంచు పడటమే అరుదు. పొడిగాలికి పెదాలు పగిలి నెత్తురొస్తోంది."

"అయితే నువ్వున్నదీ ఎడారేరా. ఎవరినైనా కేకేసి డాక్టరుని రమ్మను. ఈలోపు నీళ్లు తాగు. ఫోను పెట్టకు, నాకు వినపడాలి."

చాలాసేపటికి గుటక చప్పుడు వినిపించింది.

"ఇంకొంచెం," అన్నాడు అన్న.