అనుపానం

కంచం ఎగిరొచ్చి ఫణిశ్రీ భుజానికి తగిలింది. బీరకాయ కూర గోడ మీంచి జారింది.

"ఇటు చూడవే," అంటూ మణిశంకర్ చొక్కా విప్పాడు. వీపంతా ఎర్రటి దద్దుర్లు. "ఏది పడట్లేదో తేలేదాకా పాలు, పెరుగు, నెయ్యి, గోధుమ అన్నీ మానెయ్యమన్నాడు రాజమండ్రి డాక్టరు. నెలనుంచి నోరు కట్టుకుని చస్తున్నాను. అయినా తగ్గట్లేదంటే, నా తిండిలో నువ్వే ఏదో కలుపుతున్నావు."

"ఏమీ కలపలేదండి."

జుట్టు పట్టుకుని ఆమె తల గోడకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆయాసం వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"నీరసంగా ఉంది. మాత్ర తే."

పథ్యంలో ఒంట్లో బలం తగ్గకుండా డాక్టరు రాసిన విటమిన్ మాత్ర అది. కానీ మణిశంకర్‌కి మాత్ర గొంతు దిగదు. ఏ మందైనా కల్వంలో నూరి, మీగడలో రంగరించి నాకడం తాతగారి నాటినుంచీ ఆ ఇంటి అలవాటు.

మీగడ కూడా పాలేనండి అని ఫణిశ్రీ మొదటి రోజే చెప్పింది.

"అది అనుపానం. మందు కింద లెక్క గానీ తిండి కింద కాదు. నాకు వైద్యం నేర్పుతావా?" అని ఆ కల్వమే విసిరాడు. నుదుటి మీద మచ్చ ఇంకా పోలేదు. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు పెదవి మీది నెత్తురు కొంగుతో తుడుచుకుని, మాత్ర నూరి తెచ్చింది. మణిశంకర్ చెంచా నాకి మొహం చిట్లించాడు.

"చేదుగా ఏడిసింది."

"ఇంకాస్త మీగడ వెయ్యమంటారా అండి?" అంది ఫణిశ్రీ.