మొదట లేచినవాడు

ఆ శనివారం మధ్యాహ్నం వెండెల్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో, పడమటి గ్యాలరీ ఇరవై రెండవ వరుసలో ఆసీనులైనవారు క్రమంగా వీరు: ఆరవ సీటులో రిటైర్డ్ జడ్జి థాడియస్ కెస్లర్, ఏడవ సీటులో ఎవరూ ఎరుగని ఒక వృద్ధుడు, ఎనిమిదవ సీటులో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న లోర్నా ప్రూయిట్, తొమ్మిదవ సీటులో మొక్కజొన్న రైతు డెల్మర్ విక్.

ముగ్గురివీ వెండెల్ వారి నీలం టోపీలు. వృద్ధుడిది మాత్రం పసుపు టోపీ. అది ప్రత్యర్థి జట్టు సెయింట్ ఓల్రిక్ రంగు.

డెల్మర్ ఊరుకోలేదు.

"ఏం పెద్దాయనా, దారి తప్పారా? మీవాళ్ళ గ్యాలరీ ఆ ఎదురుగా ఉంది."

"నా టికెట్టు ఇక్కడికేనండీ."

"అయితే ఆ టోపీ కాస్త జాగ్రత్త. మొక్కజొన్న పొత్తనుకుని మావాళ్ళు ఒలిచేస్తారు."

వృద్ధుడు నవ్వాడు. లోర్నా తన ఫ్లాస్కులోని వేడి కోకో ఆయనకూ పోసింది.

వచ్చినవారికి తమ ఆచారం వివరించడం జడ్జిగారు తన బాధ్యతగా భావించారు. ఆట ముగిశాక, గెలిచినా ఓడినా, వెండెల్ ప్రేక్షకులందరూ టోపీలు తీసి నిలబడతారు. అతిథి జట్టులోని ఆఖరి ఆటగాడు లోపలికి వెళ్ళేదాకా ఎవరూ కదలరు. యాభై ఐదేళ్ళుగా ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంతా చెప్పి, తన సీటు వీపున బిగించిన ఇత్తడి రేకు చూపించారు. 'మొదట లేచినవాడు వార్నర్ కెస్లర్, 1968' అని దాని మీద చెక్కి ఉంది.

"మా నాన్నగారు. ఆయన మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. పక్కనెవరో లేస్తే లేచానురా అనేవారు. అంత వినయం."

వృద్ధుడు ఆ రేకును చాలాసేపు చూశాడు.

"మంచి మనిషి," అన్నాడు. "నిజంగా మంచి మనిషి."

ఆఖరి నిమిషంలో వెండెల్ రెండు పాయింట్లు వెనుకబడి ఉంది. నోలన్ అనే వెండెల్ ఆటగాడు తన్నిన బంతి రెండు స్తంభాల మధ్య నుంచి దూసుకుపోయింది. మూడు పాయింట్లు. గ్యాలరీ ఊగిపోయింది.

అప్పుడు కనిపించింది, తప్పు జరిగిందని పచ్చిక మీద రిఫరీ విసిరిన పసుపు గుడ్డ. వెండెల్ ఆటగాడొకడు ఎదుటివాడిని చేత్తో పట్టి ఆపాడట. ఆ పాయింట్లు చెల్లవు. పది గజాలు వెనక్కి జరిగి మళ్ళీ తన్నాలి.

రెండవసారి బంతి స్తంభానికి తగిలి బయటపడింది. ఆట ముగిసింది.

గ్యాలరీ రిఫరీని తిట్టింది. తరువాత నోలన్‌ను తిట్టింది. కాగితపు కప్పులు మైదానంలోకి ఎగిరాయి. జనం మెట్ల వైపు నడిచారు. జడ్జిగారు చేతులు కట్టుకుని కూర్చుండిపోయారు.

"థాడ్, మనం లేవాలి," అంది లోర్నా.

"ఇవాళ కాదు. ఇలాంటి గెలుపుకు నేను టోపీ తీయను."

ఆయనే లేవకపోతే ఇక లేచేవారెవరు? యాభై ఐదేళ్ళ ఆచారం ఆ క్షణంలో తెగిపోనున్నది.

అంతలో ఏడవ సీటు వృద్ధుడు చేతికర్ర మీద బరువు వేసి లేచాడు. పసుపు టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. అయితే ఆయన చూపు సంబరాలు చేసుకుంటున్న తన జట్టు వైపు లేదు. మైదానం మధ్యలో మోకాళ్ళ మీద కూలిపోయిన నోలన్ మీద ఉంది.

"మీవాళ్ళు అటున్నారండీ," అన్నాడు డెల్మర్.

"వాళ్ళకు గెలుపు తోడుంది. అతనికి ఎవరూ లేరు."

జడ్జిగారి ముఖం ఎర్రబడింది. ఆయన లేచారు. టోపీ తీశారు.

లోర్నా లేచింది. డెల్మర్ లేచాడు. ముందు వరుస, వెనుక వరుస లేచాయి. మెట్ల మీద ఉన్నవారు ఆగి, వెనక్కి తిరిగి, టోపీలు తీశారు.

ఆ నిశ్శబ్దానికి పసుపు చొక్కాల సంబరం కూడా ఆగింది. వారిలో ఇద్దరు వెళ్ళి నోలన్‌ను లేవనెత్తారు. ఆఖరి అతిథి ఆటగాడు లోపలికి వెళ్ళేవరకు ఒక్కరూ కదలలేదు.

జడ్జిగారు క్షమాపణ చెప్పాలని పక్కకు తిరిగారు. ఏడవ సీటు ఖాళీగా ఉంది. దాని మీద కోకో కప్పు మాత్రం మిగిలింది.

కాసేపటికి సెయింట్ ఓల్రిక్ కోచ్ మెట్లెక్కి వచ్చాడు. యువకుడేమీ కాదు, యాభై దగ్గర పడినవాడు.

"మా పెదనాన్న ఇక్కడ ఉండాలి. చూశారా?"

ఇప్పుడే వెళ్ళిపోయారని లోర్నా చెప్పింది. ఇంతటి గ్యాలరీలో ఆయనకు ఈ సీటే ఎలా దొరికిందని జడ్జిగారు అడిగారు.

దొరకడం కాదు, ఆ నంబరే అడిగి తీసుకున్నాడన్నాడు కోచ్. 1968లో తమవారి గ్యాలరీ నిండిపోతే పెదనాన్నకు మిగిలింది ఆ సీటే. ఆనాటి జట్టులో కోచ్ తండ్రి ఉన్నాడు. కాలు దెబ్బతిని, అందరికన్నా చివర, కుంటుకుంటూ లోపలికి వెళ్తున్నాడు. తమ్ముడిని చూసి, ఇంతమంది నీలం టోపీల నడుమ పెదనాన్న ఒక్కడే లేచి నిలబడ్డాడు.

"పక్క సీటాయన ఒక్క క్షణం చూసి, తానూ లేచాడట. తరువాత గ్యాలరీ అంతా లేచిందట. శత్రువులందరూ నా కోసం లేచారని నాన్న జీవితాంతం చెప్పుకున్నారు. ఈ వసంతంలోనే పోయారు. ఆ చోటు ఇంకొక్కసారి చూసి వస్తానన్నాడు పెదనాన్న."

"రేకు చూపించినప్పుడైనా ఆయన నాతో ఒక్క మాట అనలేదే," అన్నారు జడ్జి.

"అనడు. పక్కాయన లేవకపోతే నన్ను పిచ్చివాడనుకునేవాళ్ళు అంటాడు."

జడ్జిగారు ఇత్తడి రేకు మీద వేలు పెట్టి నిలబడిపోయారు.

"నాన్న ఉన్నమాటే చెప్పారన్నమాట," అన్నారు చివరికి.

మరుసటి శనివారానికి ఆ చోట కొత్త రేకు వెలిసింది. అందులోని వాక్యాన్ని జడ్జిగారు తీర్పు రాసినట్టు స్వయంగా రాశారు: "ఈ వరుసలో 1968లోనూ, ఈ సంవత్సరమూ మొదట లేచినవారు సెయింట్ ఓల్రిక్ పక్షాన వచ్చిన శ్రీ ఎల్వుడ్ టీగ్, ఆయనను చూసి రెండవవారుగా లేచినవారు నాడు వార్నర్ కెస్లర్, నేడు ఆయన కుమారుడు, ఆ రెండవ స్థానమే తమకు తగిన గౌరవమని కెస్లర్ కుటుంబం ఇందుమూలంగా అంగీకరిస్తున్నది."