పొరుగు జిల్లా అమ్మాయి

"నిన్ను లోపలికి పంపడానికి వీల్లేదమ్మా," అన్నారు శేషగిరిరావు గారు, ఆధార్ కార్డు తిరిగి ఇచ్చేస్తూ. "ఇందులో ఏలూరు జిల్లా అని ఉంది. పోటీ కృష్ణా జిల్లా వాళ్లకే."

బందరులో యూనివర్సిటీ సెమినార్ హాలు గుమ్మం ముందు వేసిన బల్ల అది. ఇంకో అరగంటలో లోపల చర్చా పోటీ మొదలవుతుంది. అంశం, 'వలసలను దేశాలు కట్టడి చేయాలా?' మొదటి బహుమతి వచ్చినవాళ్లు ఢిల్లీలో జరిగే జాతీయ చర్చకు వెళ్తారు. పూర్ణిమది డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు.

"మాది ముదినేపల్లి దగ్గరండీ. నేను పుట్టినప్పుడు కృష్ణా జిల్లాయే. చదివేది గుడివాడలో. మేమెక్కడికీ వెళ్లలేదు సార్, జిల్లాయే వెళ్లిపోయింది."

"జిల్లాలు విడగొట్టిన సంగతి నాకూ తెలుసు. కార్డులో ఎందుకు మార్పించుకున్నావు?"

"మార్పించుకోమన్నారు కదండీ."

"మార్పించుకోకుండా ఉంటే నాకీ ఇబ్బంది ఉండేది కాదు."

శేషగిరిరావు గారు రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఈ పోటీ నిర్వహిస్తున్న వేదికకు ఆయనే కన్వీనరు. నిబంధనలు రాసిందీ ఆయనే, స్థానికుల నిబంధన కింద ఎర్రగీత గీసిందీ ఆయనే.

పూర్ణిమ వెనక వరసలో నిలబడ్డ కుర్రాడు ముందుకు వంగాడు. "సార్, ఒక్క మాటండీ."

"నీది ఏ ఊరు?"

"ఇక్కడే సార్, చిలకలపూడి. పేరు ఆమిర్. కార్డులో కూడా చిలకలపూడే ఉంది."

"చెప్పు."

"వలసల మీద మాట్లాడ్డానికి బయటినుంచి వచ్చింది ఈవిడొక్కరే. ఈవిణ్ణి కూడా పంపించేస్తే లోపల ఆ సంగతి తెలిసినవాళ్లు ఎవరుంటారండీ?"

వరసలో ఎవరో నవ్వారు. శేషగిరిరావు గారు నవ్వలేదు. పూర్ణిమ చేతిలోని కాగితాల కట్ట వైపు చూశారు. తర్వాత ఆమె మొహం వైపు చూశారు.

"సరే, వెళ్లు. నీ మొహం చూసి వదిలేస్తున్నాను. చేయకూడని పని ఇది."

చీటీలు తీశారు. పూర్ణిమకు 'కట్టడి చేయాలి' అనే పక్షం వచ్చింది. ఆమిర్‌కు 'చేయకూడదు' వచ్చింది.

"చీటీలు మార్చుకుందామా అండీ?" అన్నాడు ఆమిర్ మెల్లగా.

"నిబంధన ఒప్పుకోదండీ," అంది పూర్ణిమ.

మొదట ఆమిర్ మాట్లాడాడు. బంటుమిల్లి రొయ్యల చెరువుల మీద పనిచేస్తున్న ఒడిశా వాళ్ల గురించి చెప్పాడు. బాగానే చెప్పాడు. చప్పట్లు కొట్టారు.

పూర్ణిమ లేచి, కాగితాలు కుర్చీలోనే వదిలేసి మైకు దగ్గరకు వెళ్లింది.

"గుమ్మం దగ్గర ఒక మనిషి మొహం చూసి జాలిపడితే, నిబంధన చదివి ఇంట్లోనే ఆగిపోయినవాళ్లకు అన్యాయం చేసినట్టు. వాళ్ల మొహాలు మనకు కనిపించవు. అంతే తేడా."

శేషగిరిరావు గారు జేబులోంచి పెన్ను తీశారు.

"నిబంధన బాగా లేదంటారా, మార్చండి. మార్చేదాకా పాటించండి. జాలి మీద లోపలికి వచ్చినవాళ్లు ఎంత తెలివైనవాళ్లైనా సరే, వెనక్కి పంపాల్సిందే. తెలివి చూసి వదిలేస్తూ పోతే, నిబంధన చివరికి తెలివిలేని వాళ్లకే మిగులుతుంది."

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. మిగతా ఆరుగురూ మాట్లాడారు గానీ ఎవరూ పెద్దగా వినలేదు.

న్యాయనిర్ణేతలు ముగ్గురూ, శేషగిరిరావు గారూ పక్క గదిలోకి వెళ్లారు. టీలు వచ్చాయి.

"మీకే వస్తుందండీ," అన్నాడు ఆమిర్. "ఢిల్లీలో చలెక్కువ. స్వెట్టరు సర్దుకోండి."

"ఇంకా చెప్పలేదుగా."

"చెప్పేదేముంది? కన్వీనరు గారు మీరన్నదంతా రాసుకోవడం నేను చూశాను."

పూర్ణిమ టీ తాగలేదు. కప్పు పట్టుకుని కూర్చుంది.

ఇరవై నిమిషాల తర్వాత శేషగిరిరావు గారు మైకు ముందుకు వచ్చారు. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు.

"ముగ్గురు న్యాయనిర్ణేతలూ అందరికన్నా ఎక్కువ మార్కులు పూర్ణిమకే వేశారు. ఆ అమ్మాయి చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవించారు. నేను కూడా ఏకీభవించాను."

హాలంతా చప్పట్లు. పూర్ణిమ చున్నీ సర్దుకుని లేచి నిలబడింది.

"కూర్చోమ్మా," అన్నారు శేషగిరిరావు గారు. "అందుకే ఢిల్లీకి ఆమిర్ వెళ్తున్నాడు."