పాత గదిలో కంప్యూటర్

"మళ్ళీ మొదలైంది సార్," అంది ఆమె, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి. ల్యాప్‌టాప్ తెర మీద ఎర్ర గీతలు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి. లాగిన్ విఫలం. లాగిన్ విఫలం.

"ఆదివారం పూట కూడా ప్రాణం తీస్తోందమ్మా నీ సర్వర్!" అన్నాడు మేనేజర్. "హెచ్చరికలతో నా ఫోన్ హోరెత్తిపోతోంది. ఎక్కణ్ణుంచి?"

"ఆఫీసు వెనక పాత గదిలో కంప్యూటర్ నుంచే."

ఆఫీసు డేటాబేస్ సర్వర్‌కు ఆమే కాపలా. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని గుమ్మంలోనే ఆపాలో ఆమె చేతిలో పని. శుక్రవారం సాయంత్రం పాస్‌వర్డ్‌లన్నీ మార్చి ఇంటికొచ్చింది. పాత గదిలోని బిల్లుల ప్రోగ్రామ్‌కు ఆ సంగతి తెలియదు కనుక పాత పాస్‌వర్డ్ పట్టుకునే తిరుగుతోందని ఆమె అనుమానం.

"ఎవరైనా కూర్చుని టైపు చేస్తున్నారేమో?"

"ఎవరుంటారు సార్? శుక్రవారం ఇంటికొస్తూ గదికి తాళం వేసిందే నేను. తాళంచెవి నా బ్యాగులోనే ఉంది."

"అయితే మన పాత ఆపరేటరే!" మేనేజర్ నవ్వాడు. "ఆ గదిలోనేగా గుండె ఆగి చనిపోయాడు. ఫోన్ సిగ్నల్ అందదు, అరిచినా బయటికి వినపడదు. పాపం, డ్యూటీకి వచ్చుంటాడు."

"ఊరుకోండి సార్, అసలే ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను."

నవ్విందే గానీ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ప్రోగ్రామ్ అయితే గడియారం కొట్టినట్టు లెక్కగా ప్రయత్నిస్తుంది. ఇది అలా లేదు. గబగబా నాలుగైదు సార్లు, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఒకటి. ఆయాసం మనిషి ఆగి ఆగి మెట్లెక్కుతున్నట్టుంది. లైను సరిగా లేక అలా జరుగుతోందని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఇంతలో తల్లి ఫోన్. "తమ్ముడు నీకైనా ఫోన్ ఎత్తాడా?"

"లేదమ్మా. స్విచాఫ్ అనే వస్తోంది."

"నలుగురిలో వాణ్ణి అన్నేసి మాటలు అనాలా? అక్కవా, పోలీసువా?"

"పని సగంలో వదిలేస్తే ముద్దుపెట్టుకోమంటావా? మా ఆఫీసులో ఆ వైర్ల పని ఇప్పించింది నేను. మాట పడేదీ నేనే."

గట్టిగానే అని ఫోన్ పెట్టేసింది. శుక్రవారం తను తిడుతుంటే వాడు తల వంచుకుని, వైర్ల చుట్ట భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అలిగితే వాడికి స్నేహితుల ఇళ్ళే పుట్టిళ్ళు. రెండ్రోజులకు ఆకలేసి వాడే వస్తాడు, ఎప్పుడూ జరిగేదే. అయినా ఈసారి ఎందుకో మనసు కుదుట పడటం లేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా? వాడి నోట ఒక్కసారి 'అక్కా' అన్న పిలుపు వింటే చాలు, కాళ్ళు పట్టుకునైనా బతిమాలుకుంటుంది.

ముందు ఈ పీడ వదిలించుకుంటే వాణ్ణి వెతకడానికి వెళ్ళొచ్చు. పాత గది కంప్యూటర్‌ను సర్వర్ దరిదాపులకు రాకుండా అడ్డేసింది. ఎర్ర గీతలు ఆగిపోయాయి. చాలాసేపు చూసింది. ఒక్కటీ రాలేదు.

"దయ్యం వదిలింది సార్," అంది మేనేజర్‌కు మళ్ళీ ఫోన్ చేసి, చెప్పులు వేసుకుంటూ.

"బతికించావు తల్లీ. ఏ యూజర్ పేరుతో ప్రయత్నించిందో చూసి పంపు, పైవాళ్ళకు చెప్పాలి."

"చూసేదేముంది సార్? బిల్లుల ప్రోగ్రామ్ పేరే ఉంటుంది."

"అయినా ఒకసారి చూడు."

నిజమే, పొద్దుట్నుంచీ ఎన్నిసార్లు, ఎక్కణ్ణుంచి అనే చూసింది తప్ప పేర్ల వైపు కన్నెత్తి చూడలేదు. నిలబడి ఉండగానే ఆ పేర్ల వరుస తెరిచింది.

పైనుంచి కింది దాకా ఒక్కటే పేరు: అక్కా తలుపు తియ్యి.